బీటెక్కా, బీసీఏనా? ముందు కాలేజీ చూసి రండి!



పోయిన వారం కొత్త చింతపండు పురుగు పట్టకుండా జాడీలో ఎట్లా నిలవ చేసుకోవాలో చెప్పుకున్నాం. ఈ వారం వంటింట్లోంచి ఒక్క అడుగు బయట పెడదాం. ఇంటర్ పాసైన పిల్లలున్న ఇళ్ళల్లో ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచీ పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఎవరికీ పట్టదు. అందరి నోటా ఒకటే మాట... "ఏం చేర్పిద్దాం? ఎక్కడ చేర్పిద్దాం?"

మా పామిడి బట్టల ఊరు. ఏ వీధిలోకి పోయినా నైటీలు కుట్టే మిషన్ల చప్పుడు వినిపిస్తుంది. బట్ట కొనేటప్పుడు పైన అంటించిన చీటీ చూసి మోసపోకూడదని ఇక్కడి ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూస్తాం. వెలుతురుకు పట్టి నేత చూస్తాం. మూల తడిపి రంగు దిగుతుందేమో చూస్తాం. రెండు వందల రూపాయల గుడ్డకు ఇంత చూసే మనం, పిల్లల నాలుగేళ్ళ బతుకు పెట్టే కాలేజీని మాత్రం బస్సు మీది బొమ్మలు చూసి ఖాయం చేసేస్తాం. ఇది నేను మిమ్మల్ని ఎత్తిపొడవడానికి అంటున్న మాట కాదు. ఆ తప్పు నేనే చేశాను. అది చెప్పుకోవడానికే ఈ వారం కలం పట్టుకున్నాను.

మా అన్న కొడుకు, అంటే నా మేనల్లుడు, 2012లో ఇంజనీరింగులో చేరాడు. పిల్లవాడు మంచివాడు, లెక్కల్లో చురుకు. ర్యాంకు మాత్రం చాలా వెనక వచ్చింది. అన్న, వదిన పల్లెలో సేద్యం చేసుకునేవాళ్ళు. వాళ్ళకు కాలేజీల సంగతేం తెలుసు? "నీవు ఇంటర్ చదివినదానివి, నీవే చూసి చెప్పమ్మా" అన్నారు. నేను పోయి చూశాను. ఏం చూశాను? పెద్ద కమాను, రెండు వైపులా పూలమొక్కలు, అద్దాల భవనం, వరసగా నిలబెట్టిన పసుపు పచ్చ బస్సులు. ఆఫీసులో కూర్చోబెట్టి కూల్ డ్రింకు ఇచ్చారు. ఇంటికొచ్చి "వదినా, కాలేజీ బ్రహ్మాండంగా ఉంది. కళ్ళు మూసుకుని చేర్పించండి" అన్నాను. ఆ మాటకు వాళ్ళు నిజంగానే కళ్ళు మూసుకున్నారు.

ఆ అద్దాల భవనంలో పాఠాలు చెప్పేవాళ్ళు నిలకడగా లేరు. ఒక టర్ములో ముగ్గురు మారారట. ముందటేడు అదే కాలేజీలో పరీక్ష రాసి పాసైన పిల్లవాడే ఈ ఏడు మాస్టారై వచ్చాడట. కంప్యూటరు ల్యాబు ఉంది, కానీ తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటేనే తాళం తీసేవారట. నాలుగేళ్ళ చదువు ఆరేళ్ళకు గట్టెక్కింది. హాస్టలుకు, సప్లిమెంటరీ ఫీజులకు, పుస్తకాలకు మా అన్న రెండెకరాలు అమ్మేశాడు. చివరికి వాడు బెంగుళూరు పోయి, ఒక గదిలో ఆరుగురితో ఉంటూ, కోచింగు సెంటరులో మళ్ళీ మొదటినుంచీ నేర్చుకున్నాడు. ఇప్పుడు చిన్న ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఒక పండక్కి వచ్చినప్పుడు నన్ను తప్పు పట్టకుండానే ఒక మాట అన్నాడు. "అత్తా, నేను చదవలేక ఫెయిల్ కాలేదు. చెప్పేవాళ్ళు లేని చోట కూర్చుని ఫెయిలైనాను." ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో ముల్లులా ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. 2024లో మా అమ్మాయి ఎంపీసీతో ఇంటర్ పాసయింది. మార్కులు బాగానే వచ్చాయి. ఈఏపీసెట్ ర్యాంకు మాత్రం డెబ్బై వేలు దాటింది. ఆ ర్యాంకుకు ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్సు సీటు వచ్చేట్టుంది. అది కాక, అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో బీసీఏ ఉందని మా అమ్మాయి స్నేహితురాళ్ళ ద్వారా తెలుసుకుంది. "అమ్మా, నాకు కంప్యూటర్లు నేర్చుకోవాలని ఉండాది. ఏ డిగ్రీ అయితే ఏం?" అంది.

ఇంట్లో దుమారం లేచింది! మా ఆయనది బట్టల అంగడి. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు. ఆ రోజు మాత్రం అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని లేచిపోయారు. "ఊళ్ళో అందరి పిల్లోళ్ళూ బీటెక్ అంటాండారు. మన పిల్ల డిగ్రీ చదువుతాదంటే ఏమనుకుంటారు? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పాల?" అన్నారు. మా తోడికోడలు ఫోను చేసి, "ఏమక్కా, పాపకు మార్కులు తక్కువొచ్చినాయా?" అని ఓదార్పు కూడా మొదలుపెట్టింది.

నాకు మేనల్లుడి మాట గుర్తొచ్చింది. ఈసారి కమానులు చూసి మోసపోకూడదనుకున్నాను. ముందు ఈ రెండు చదువులేమిటో తెలుసుకున్నాను. తరవాత రెండు కాలేజీలకూ స్వయంగా వెళ్ళాను.

రెండు చదువుల సంగతి

బీటెక్ నాలుగేళ్ళు. దానికి ప్రవేశ పరీక్ష రాయాలి. మన నోటికి ఎంసెట్ అన్న పేరే అలవాటు. 1986 నుంచి ఆ పేరుతోనే జరిగింది. మన రాష్ట్రంలో 2021 నుంచి దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు. ప్రైవేటు కాలేజీల్లో నూటికి 70 సీట్లు కన్వీనరు కోటాలో ర్యాంకును బట్టి ఇస్తారు. మిగిలిన 30 మేనేజిమెంటు కోటా.

బీసీఏ అంటే బ్యాచిలర్ ఆఫ్ కంప్యూటర్ అప్లికేషన్స్. మూడేళ్ళ డిగ్రీ. కొత్త విద్యా విధానంలో నాలుగో ఏడు కూడా చదివి ఆనర్స్ తీసుకునే వీలుంది. ప్రవేశ పరీక్ష లేదు, ఇంటర్ మార్కులతో సీటు ఇస్తారు. మన రాష్ట్రంలో డిగ్రీ సీట్లన్నీ 2020 నుంచి ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు. ఇంకో సంగతి. ఇదివరకు ఇంజనీరింగు కాలేజీల మీద ఉండే ఏఐసీటీఈ అజమాయిషీ 2024-25 నుంచి బీసీఏ చదువుల మీదికి కూడా వచ్చింది. అందుకని బీసీఏలో చేర్పించేవాళ్ళు కూడా "మీకు ఏఐసీటీఈ అనుమతి ఉందా?" అని అడగాలి.

పాఠాల పట్టికలు రెండూ పక్కపక్కన పెట్టి మా అమ్మాయి నాకు చూపించింది. సీ, జావా, పైథాన్, డేటాబేసు, ఆపరేటింగ్ సిస్టం, నెట్‌వర్కులు... ముఖ్యమైనవి చాలావరకు రెంటిలోనూ ఉన్నాయి. బీటెక్‌లో వీటికి తోడు లెక్కలు, భౌతిక శాస్త్రం, ఎలక్ట్రానిక్స్ ఎక్కువ. పునాది లోతుగా వేస్తారు. బాగా చెప్పే చోట చదివితే ఆ లోతుకు విలువ ఉంది. చెప్పేవాళ్ళే లేని చోట ఆ లోతు పట్టికలోనే ఉండిపోతుంది. అంతే తేడా.

అయితే బీసీఏ గురించి తీపి మాటలే చెప్పి పంపిస్తే అదీ మోసమే అవుతుంది. కొన్ని తలుపులు బీసీఏతో తెరుచుకోవు. ప్రభుత్వంలో అసిస్టెంటు ఇంజనీరు లాంటి ఉద్యోగాలకు ఇంజనీరింగు చదువే కావాలి. కొన్ని కంపెనీలు ఫలానా ఉద్యోగానికి బీటెక్ వాళ్ళనే పిలుస్తాయి. విదేశాల్లో ఎం.ఎస్. చదవాలనుకుంటే మూడేళ్ళ డిగ్రీని ఒప్పుకోని యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. మన పిల్లలకు ఇలాంటి కోరిక గట్టిగా ఉంటే ముందే ఆలోచించుకోవాలి.

తెరుచుకునే తలుపులూ ఉన్నాయి. బీసీఏ తరవాత ఎం.సి.ఏ. చదవవచ్చు. ఒకప్పుడు అది మూడేళ్ళు ఉండేది. 2020-21 నుంచి రెండేళ్ళు చేశారు. అంటే బీసీఏ, ఎం.సి.ఏ. కలిపి ఐదేళ్ళు. మన రాష్ట్రంలో ఐసెట్ రాస్తే ఎం.సి.ఏ. సీటు వస్తుంది. నిమ్‌సెట్ అని ఇంకో పరీక్ష ఉంది. అందులో మంచి ర్యాంకు వస్తే వరంగల్ ఎన్.ఐ.టి. లాంటి చోట చదవవచ్చు. దానికి డిగ్రీలో లెక్కలో, స్టాటిస్టిక్సో ఉండాలి. అందుకని బీసీఏలో చేర్చేటప్పుడే "లెక్కల పేపరు ఉందా?" అని కనుక్కోండి. విప్రో కంపెనీ 1995లోనే బీఎస్సీ, బీసీఏ చదివిన పిల్లలను తీసుకుని, ఉద్యోగం చేస్తూనే పై చదువు చదివించే పద్ధతి పెట్టింది. అంటే డిగ్రీ పిల్లలను కంపెనీలు తీసుకోవడం నిన్నా మొన్నా పుట్టిన సంగతి కాదు.

మరో మంచి మాట. మద్రాసు ఐ.ఐ.టి. వాళ్ళు 2021 నుంచి డేటా సైన్సులో బి.ఎస్. డిగ్రీని ఆన్‌లైన్‌లో చెబుతున్నారు. జేఈఈ ర్యాంకు లేకపోయినా, వాళ్ళే నాలుగు వారాలు పాఠాలు చెప్పి పెట్టే అర్హత పరీక్ష పాసైతే చేరవచ్చు. ఇంకో డిగ్రీ చదువుతూనే ఇదీ చదవవచ్చు. ఆదాయం తక్కువున్న వాళ్ళకు ఫీజులో రాయితీ కూడా ఉంది. ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలైతే ఇంట్లో కూర్చుని ఉచితంగా వినవచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టాలి.

ఇన్ని కాలేజీలు ఎందుకొచ్చాయి?

మన అనంతపురం జేఎన్‌టీయూ ఇంజనీరింగు కాలేజీ 1946లో మొదలైంది. ఆ రోజుల్లో రాయలసీమ మొత్తానికీ ఇంజనీరంటే అక్కడి నుంచి రావలసిందే. నేను 1998లో ఇంటర్ పాసయ్యేనాటికి కంప్యూటరు మోజు మొదలైంది. ఊరూరా శిక్షణ సంస్థలు, పట్నంలో అమీర్‌పేట పేరు. తరవాత ఇంజనీరింగు కాలేజీలు వాన పడ్డాక పుట్టగొడుగుల్లా లేచాయి. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. కూలి పని చేసుకునే ఇంట్లోంచి కూడా బీటెక్ చదివే వీలు కలిగింది. అది నిజంగా మంచి పని. కానీ దాంతోపాటే కాలేజీల సంఖ్య ఉమ్మడి రాష్ట్రంలో 700 దాకా పోయింది. అన్ని కాలేజీలకు చదువు చెప్పగలిగిన మాస్టర్లు ఒక్కసారిగా ఎక్కడి నుంచి వస్తారు? చాలా కాలేజీలు తరవాత మూతపడ్డాయి కూడా. పిల్లలు చేరిన రోజున మాత్రం అన్నిటి గేట్లకూ మామిడి తోరణాలే!

ఇప్పుడింకో మలుపు వచ్చింది. బాగా నడిచే కాలేజీల్లో సీట్ల సంఖ్యకు ఉన్న పైహద్దును ఏఐసీటీఈ 2024లో తీసేసింది. దాంతో కొన్ని చోట్ల కంప్యూటర్ సైన్సు సెక్షన్లు బాగా పెరిగాయి. సెక్షన్లు పెరిగినప్పుడు మాస్టర్లు కూడా పెరిగారా అన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

నేను చూసినవి, మీరు చూడవలసినవి

మొదటిది. సెలవు రోజు కాకుండా, పని రోజున, పొద్దున పదకొండు గంటలకు వెళ్ళండి. ముందుగా చెప్పకండి. ఆ వేళకు తరగతులు జరుగుతున్నాయా, పిల్లలు చెట్ల కింద కూర్చున్నారా అన్నది కళ్ళతో చూడండి. నేను వెళ్ళిన ఇంజనీరింగు కాలేజీలో ఆ వేళకు మూడు తరగతి గదులు ఖాళీగా ఉన్నాయి. డిగ్రీ కాలేజీ భవనం పాతది, గోడలకు సున్నం పెచ్చులు లేచి ఉంది. కానీ తరగతిలో ఒక మేడం బోర్డు నిండా రాస్తూ, పిల్లలను పేరు పెట్టి పిలిచి ప్రశ్నలు అడుగుతున్నారు.

రెండోది. మాస్టర్లను లెక్క పెట్టండి. ఇంజనీరింగులో ఇరవై మంది పిల్లలకు ఒక మాస్టరు ఉండాలని ఏఐసీటీఈ నియమం. ఒక బ్రాంచిలో ఏడాదికి 60 మంది అనుకోండి, నాలుగేళ్ళకు 240 మంది. ఇరవైతో భాగిస్తే పన్నెండు మంది మాస్టర్లు. మనం ఇంట్లో బియ్యం లెక్క వేసుకున్నట్టే వేసుకోవచ్చు. "మీ డిపార్టుమెంటులో ఎంతమంది? వాళ్ళు ఎన్నేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నారు?" అని అడగండి. ఇంజనీరింగు కాలేజీలో నాకు ఒక రంగుల పుస్తకం ఇచ్చారు కానీ జవాబు ఇవ్వలేదు. డిగ్రీ కాలేజీలో ప్యూను కూడా వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. "పెద్ద సారు పద్దెనిమిదేండ్ల నుంచి ఈడనే ఉండాడమ్మా" అన్నాడు.

మూడోది. ల్యాబు చూడండి. కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు. ఎన్ని వెలుగుతున్నాయి? కీబోర్డుల మీద దుమ్ముందా, అక్షరాలు అరిగి ఉన్నాయా? అరిగిన కీబోర్డు మంచి గుర్తు. బాగా వాడిన రోలు లాంటిదది.

నాలుగోది. ముద్రలు చూడండి. న్యాక్ గ్రేడు మొత్తం కాలేజీకి ఇస్తారు. ఎన్.బి.ఏ. గుర్తింపు మాత్రం ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు. బోర్డు మీద ఎన్.బి.ఏ. అని రాసి ఉండవచ్చు. అది మెకానికల్‌కో, ఎలక్ట్రికల్‌కో వచ్చి, మన పిల్లలు చేరే బ్రాంచికి లేకపోవచ్చు. రెండింటికీ గడువు ఉంటుంది. ఎప్పటిదాకా ఉందో అడగండి.

ఐదోది. ఉద్యోగాల బోర్డు చూసి మురిసిపోకండి. "ఆఖరి సంవత్సరంలో మొత్తం ఎంతమంది? వాళ్ళలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది? ఏ ఉద్యోగం? నిజంగా చేరిందెంతమంది?" ఈ నాలుగూ అడగండి. ఒకే పిల్లవాడికి మూడు కంపెనీల కాగితాలు వస్తే మూడు ఉద్యోగాలని రాస్తారు. కాగితం వచ్చాక కూడా నెలల తరబడి పిలుపు రాక కూర్చున్న పిల్లలను 2023లో మనమందరం చూశాం.

ఆరోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది. గేటు బయట టీ బంకు దగ్గరో, బస్సు స్టాపులోనో మూడో ఏడు చదివే పిల్లలను ఇద్దరు ముగ్గురిని పలకరించండి. "మీ చెల్లెలినైతే ఇక్కడ చేరుస్తావా నాయనా?" అని ఒక్కటే అడగండి. ఆఫీసులో దొరకని నిజం అక్కడ దొరుకుతుంది. ఇంజనీరింగు కాలేజీ దగ్గర ఒక పిల్లవాడు నవ్వి తల వంచుకున్నాడు. నాకు మేనల్లుడే గుర్తొచ్చాడు.

ఏడోది డబ్బు సంగతి. ఫీజు రీయింబర్స్‌మెంటు మన ఇంటికి వర్తిస్తుందా, ఎంత వరకు వర్తిస్తుంది, ఆ ఏడాది నియమాలేమిటి అన్నది సచివాలయంలో అడిగి తెలుసుకోండి. ట్యూషను ఫీజు కాక బస్సుకు, హాస్టలుకు, పరీక్షలకు, పుస్తకాలకు ఎంతవుతుందో ఒక కాగితం మీద విడివిడిగా రాసుకోండి. నాలుగేళ్ళకో మూడేళ్ళకో పెట్టి గుణించండి. అప్పుడు కానీ అసలు బరువు తెలియదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి వెనక్కి ఇచ్చేయాలనీ, తమ దగ్గర పెట్టుకోకూడదనీ యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, అవసరమైతే నెమ్మదిగా గుర్తు చేయండి.

ఇంకొక్క మాట. ముందటేడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఎంత ర్యాంకు దాకా సీట్లు వచ్చాయో పట్టిక దొరుకుతుంది. మంచి ర్యాంకు పిల్లలు ఎటు పోతున్నారో దాన్ని చూస్తే తెలుస్తుంది. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నెట్ సెంటరు అబ్బాయికి వదిలేసి ఇంటికి రాకండి. వరసక్రమం మీరు రాసుకుని పోయి, పక్కనే కూర్చుని పెట్టించండి. ఏ కాలేజీ ముందు ఉంటే దాన్నే ముందు చూస్తారు. వద్దనుకున్న కాలేజీ పేరు పొరపాటున పెడితే అదే మెడకు చుట్టుకోవచ్చు.

మా ఇంట్లో ఏం జరిగింది?

రెండు కాలేజీలూ చూసి వచ్చాక, మా ఆయనను కూర్చోబెట్టి ఏమీ వాదించలేదు. "మీరు ఒక్కసారి వచ్చి చూడండి. ఆ తరవాత మీరెట్లంటే అట్లే" అన్నాను. అంగడికి ఒక పూట సెలవిచ్చి వచ్చారు. గుడ్డ నాణ్యం వేలితో తాకి చెప్పగల మనిషి ఆయన. డిగ్రీ కాలేజీ ల్యాబులో అరగంట నిలబడ్డారు. బయటికొచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బస్సులో కూర్చున్నాక, "మనం అంగట్లో పైన మెరుపుండి లోపల పోగు లేని గుడ్డ అమ్మితే గిరాకీ మళ్ళా రాదు. వీళ్ళకేమో ఏడాదికో కొత్త గిరాకీ వస్తాంది" అన్నారు. అది ఆయన ఒప్పుకోవడం అన్నమాట!

మా అమ్మాయి బీసీఏలో చేరింది. పామిడి నుంచి అనంతపురం దగ్గరే కాబట్టి హాస్టలు ఖర్చు లేదు, రోజూ బస్సులో పోయివస్తుంది. ఇప్పుడు రెండో ఏడు చదువుతోంది. మా ఆయన అంగడికి సరుకు లెక్క చూసుకునే చిన్న ప్రోగ్రాం రాసి ఇచ్చింది. ముందు ఆయన నమ్మక, పక్కన నోటు పుస్తకంలో కూడా రాసుకునేవారు. మొన్న ఉగాదికి ఆ పుస్తకం అటక ఎక్కించారు. అన్నీ గెలిచేశామని చెప్పను. ఉద్యోగం రావాలి, ఎం.సి.ఏ. చదవాలో వద్దో తేల్చుకోవాలి, ఇంకా దారి ఉంది. తోటి పిల్లలు బీటెక్ అని చెప్పుకుంటుంటే ఒక్కోసారి దాని మొహం చిన్నబోతుంది. అది చూసి నాకూ కలుక్కుమంటుంది. కానీ రాత్రి పదకొండింటికి కూడా దాని గదిలో దీపం వెలుగుతుంటుంది. ఎవరూ చదవమని చెప్పడం లేదు. ఆ దీపం చూసినప్పుడు నాకు ధైర్యం వస్తుంది.

ఇది విని "అయితే ఇంజనీరింగు దండగన్నమాట" అనుకునేరు! అట్లా అనుకుంటే నేను చెప్పింది మీకు సరిగ్గా అందలేదన్నమాట. మా వీధి చివర మిషను కుట్టుకునే ఆమె కూతురికి అదే ఏడు జేఎన్‌టీయూ అనంతపురం కాలేజీలో సీటు వచ్చింది. కానీ సివిల్ బ్రాంచి. ఏదో ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్స్ వస్తుందని ఎవరో చెబితే అటు పోదామా అని నన్నడిగారు. "పిల్లకు సివిల్ అంటే ఇష్టమేనా? ఇష్టమైతే రెండో మాట లేదు. పాత ప్రభుత్వ కాలేజీ, పాతుకుపోయిన చెట్టు లాంటిది. ఆ సీటు వదలొద్దు" అన్నాను. ఆ పిల్ల అక్కడే చేరింది, హాయిగా చదువుకుంటోంది. అట్లాగే బీసీఏ అనగానే మంచిదీ కాదు. మాస్టర్లు లేని, ల్యాబు లేని బీసీఏ కాలేజీలూ ఊరికొకటి ఉన్నాయి. హాజరు కూడా అడగరు. అక్కడ చేర్చితే మూడేళ్ళు పోయినట్టే.

కాబట్టి నాకు తోచిన వరస ఇది. మంచి కాలేజీలో బీటెక్ వస్తే ముందు అది. అది రాకపోతే మంచి కాలేజీలో బీసీఏ, లేదా బీఎస్సీ కంప్యూటర్స్. చదువు చెప్పని కాలేజీలో బీటెక్ అన్నిటికన్నా చివర. కాగితం మీద పేరు పెద్దదైనా, చేతిలో పని లేకపోతే ఆ పేరు కూడు పెట్టదు.

నేను ఇంటర్ పాసయినప్పుడు మా నాన్న "దూరం, ఆడపిల్ల" అని డిగ్రీకి పంపలేదు. ఆయన్ను తప్పు పట్టను, ఆ రోజులు అట్లాంటివి. కానీ నా కోసం ఎవరైనా ఒక్క కాలేజీ గడప తొక్కి చూసి ఉంటే ఎంత బాగుండేదో అని ఎన్నోసార్లు అనుకున్నాను. మన పిల్లలకు ఆ లోటు ఉండకూడదు. పెద్ద చదువులు లేని మనం కాలేజీని ఏం చూడగలం అని వెనకాడకండి. పాలలో నీళ్ళెన్నో చెప్పగలం, పప్పులో పుచ్చు పట్టగలం, కూరగాయల బండివాడి తూకం తప్పు పసిగట్టగలం. ఆ కళ్ళే చాలు. వాటిని ఈసారి కాలేజీకి తీసుకుపోండి.

పొద్దున్నే బయలుదేరి వెళ్ళేటప్పుడు కాలేజీ క్యాంటీను మీద ఆధారపడకుండా కాస్త చిత్రాన్నం కట్టుకుపొండి. నిమ్మరసం వేసే ముందు అన్నం పళ్ళెంలో ఆరబెట్టి, పూర్తిగా చల్లారాక పోపు కలిపి డబ్బాలో పెడితే ఎండలో కూడా మధ్యాహ్నం దాకా పాడవదు. వేయించిన చెనిగ్గింజలు మాత్రం విడిగా పొట్లం కట్టుకుని, తినేటప్పుడు కలుపుకోండి. కరకరలాడుతూ ఉంటాయి.

వచ్చే వారం వానాకాలంలో బీరువాలో పట్టుచీరలకు చెమ్మ తగలకుండా చూసుకునే పద్ధతులు చెప్పుకుందాం. అంతవరకు సెలవు.

మీ పామిడి అక్క